పదివేల చుక్కల కెమెరా

1975 డిసెంబరు. అమెరికాలోని రాచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ కొడాక్ ప్రయోగశాల. స్టీవెన్ సాసన్ అనే పాతికేళ్ల ఇంజినీరు దాదాపు మూడున్నర కిలోల పెట్టె మోసుకుంటూ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఓ అమ్మాయి దగ్గరికెళ్లి ఫొటో తీస్తానన్నాడు. ఆ పెట్టెలో సూపర్ 8 మూవీ కెమెరా నుంచి తీసిన లెన్సు, 16 బ్యాటరీలు, ఓ క్యాసెట్ రికార్డరు, ఫెయిర్‌చైల్డ్ కంపెనీ సిలికాన్ చిప్పు ఉన్నాయి. ఫొటో క్షణంలో అయిపోయింది. అది క్యాసెట్‌లోకి ఎక్కడానికి మాత్రం 23 సెకన్లు పట్టింది. టీవీ తెర మీద చూస్తే జుట్టు తెలుస్తోంది, ముఖం అలుక్కుపోయింది. ‘ఇంకా పనుంది’ అన్నట్టు ఓ ముక్క అనేసి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. తీగలు కొన్ని తిరగేసి కలిపారని తర్వాత తేలింది. సరిచేయగానే ముఖం కనిపించింది.

ఆ చిప్పు మీద అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం పదివేల చుక్కలు. మామూలు జనం వాడే ఫిల్మ్ కెమెరాకు దీటుగా రావాలంటే ఎన్ని కావాలని కొడాక్ పెద్దలు అడిగితే, సాసన్ 20 లక్షలన్నాడు. అందుకు పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుందన్నాడు. లెక్క తప్పలేదు. 4×6 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా 21.6 లక్షలు సరిపోతాయి.

ఆ చిప్పు వెనక మరో కథ ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే ఈ రకం చిప్పును రూపొందించారు. 2009లో వారికి నోబెల్ దక్కింది. సిలికాన్ మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, తన వంతు పోగేసుకుంటుంది, ఆ లెక్కే బొమ్మవుతుంది. అయితే సిలికాన్‌కు రంగు తెలియదు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ పిక్సెళ్ల మీద ఆకుపచ్చ, ఎరుపు, నీలం వడపోతలను గళ్లగళ్లుగా పరిచాడు. సగం గళ్లు ఆకుపచ్చవే. 1976లో దానికి పేటెంటు వచ్చింది. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ సెన్సర్‌ను తీర్చిదిద్దింది. ఇవాళ ఫోన్లలో ఉన్నవి ఆ జాతివే.

1995లో క్యాసియో క్యూవీ-10 కెమెరా వీపున బుల్లి తెరతో వచ్చింది. 1999 నాటికి 20 లక్షల పిక్సెళ్ల కెమెరాలు దుకాణాల్లోకి దిగాయి. సాసన్ చెప్పిన గీత దాటేశాం. పోటీ అక్కడ ఆగలేదు. డబ్బా మీద మెగాపిక్సెళ్ల అంకె ఎంత పెద్దదైతే కెమెరా అంత గొప్పదనే నమ్మకం పాతుకుపోయింది.

చిక్కు ఇక్కడే ఉంది. చవక కాంపాక్ట్ కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు. అంటే చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. లెన్సు మార్చుకునే కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ దాదాపు 23.5×15.6, వైశాల్యంలో 13 రెట్లు. చిన్నదాంట్లో కోటిన్నర పిక్సెళ్లు కుక్కితే ఒక్కోదానికి దక్కే కాంతి తగ్గుతుంది. వాన పడుతుంటే చూరు కింద టీ గ్లాసు, గంగాళం పెట్టినట్టే. పిక్సెల్‌లో పదివేల ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, పడితే సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు వంద, అంటే ఒక శాతం. వంద ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గులు పది, అంటే పది శాతం. ఫొటోలో గరుకుగా కనిపించేది ఇదే. దాన్ని కప్పిపుచ్చడానికి కెమెరా బొమ్మను నునుపు చేస్తుంది. వెంట్రుకలు, చీర నేత, ఆకుల ఈనెలు ఆ నునుపులో కలిసిపోతాయి.

కాబట్టి తక్కువ ఖర్చులో స్పష్టమైన ఫొటో కావాలంటే మెగాపిక్సెళ్ల కంటే ముందు సెన్సర్ సైజు అడగండి. కొత్త కాంపాక్ట్ కొనే డబ్బుకు పాత ఏపీఎస్-సీ కెమెరా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమో చూడండి. పదేళ్ల కిందటిదైనా ఫర్వాలేదు. మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి. కెమెరాతో వచ్చే కిట్ జూమ్ చివరికంటా లాగితే ఎపర్చర్, అంటే కాంతి దూరే రంధ్రం, సాధారణంగా ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అంతకు సుమారు పది రెట్ల కాంతిని లోపలికి వదులుతుంది. పెళ్లింట్లో ట్యూబులైటు కింద సెకనులో 20వ వంతు పట్టే ఫొటో 200వ వంతులో అయిపోతుంది. చేతి వణుకు, పిల్లల పరుగు ఫొటోను చెడగొట్టవు. చాలా ఫొటోలు అలుక్కుపోయేది పిక్సెళ్లు చాలక కాదు, షటర్ నెమ్మదించడం వల్ల. ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ ఉన్న లోతు బాగా తక్కువ. కన్ను మీదే ఫోకస్ పెట్టాలి, లేదా ఎఫ్/2.8కి దించుకోవాలి.

పాతది కొనేటప్పుడు షటర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. ఫోన్ టార్చి లెన్సులోకి వేసి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో లెన్సు లోపల బూజు పట్టడం మామూలే, సాలెగూడులా కనిపిస్తుంది. ఎఫ్/16 పెట్టి తెల్లగోడ ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. ఆ తర్వాత దుకాణం ముందరి సైన్‌బోర్డును ఓ ఫొటో తీసి, పూర్తిగా జూమ్ చేసి నాలుగు మూలల్లోని అక్షరాలు చదవండి. అవి చదవగలిగితేనే బేరం మొదలుపెట్టండి.