దగ్గు వస్తోందని బీపీ మాత్ర మానేశారా?

మా ఓపీకి దగ్గుతో వచ్చేవారిని "ఎందుకొచ్చిందమ్మా ఈ దగ్గు?" అని అడిగితే, ఊరిని బట్టి జవాబు మారుతుంది. మహబూబాబాద్, కేసముద్రం వైపు వాళ్లు "మిర్చి ఘాటు, సిస్టరమ్మా" అంటారు. భూపాలపల్లి నుంచి వచ్చినవారు బొగ్గు దుమ్ము అంటారు. జనగామ పల్లెల వాళ్లు పత్తి దుమ్ము అంటారు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. కాని మరో కారణం కొందరి చేతిసంచిలోనే, రోజూ వేసుకునే మందుల పొట్లంలో ఉంటుంది. దాన్ని వాళ్లూ గుర్తించరు, కొన్నిసార్లు మేమూ గుర్తించం.

మన రాష్ట్రంలో రక్తపోటు ఉన్నవారు తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో సుమారు నలుగురిలో ఒకరికి, పురుషుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వారు బీపీ మందు వాడుతున్నారు. అంటే ఈ పత్రిక అందుకునే ప్రతి ఇంట్లోనూ దాదాపు ఒకరికి ఈ విషయంతో పని ఉంటుంది. అందుకే ఈ సంచికలో బీపీకీ, గుండె బలహీనతకూ వాడే ఒక ముఖ్యమైన మందు గురించి, దాని వల్ల కలిగే ఇబ్బందుల గురించి చెప్పదలచాం.

ఒక తల్లి అనుభవం

కొన్నేళ్ల కింద మిర్చి కల్లంలో పనిచేసే ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. వయసు యాభై దాటింది. గుండె బలహీనపడి కాళ్లు వాచి, ఆయాసంతో చేరింది. డాక్టరుగారు ఎనలాప్రిల్ మాత్ర, నీరు తీసే మాత్ర రాసిచ్చారు. పది రోజుల్లో కోలుకుని నడిచి ఇంటికి వెళ్లింది.

నెల తిరిగేసరికి పొడి దగ్గు పట్టుకుంది. కళ్లె లేదు, జ్వరం లేదు. గొంతులో ఈకతో గీరినట్టు ఉండి రాత్రంతా దగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక సిరప్ ఇచ్చాడు, తగ్గలేదు. మరో సిరప్ మార్చాడు. మా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. కళ్లె పరీక్షలో టీబీ లేదు, ఎక్స్‌రే బాగుంది. "దుమ్ములో పని మానుకో అమ్మా" అని మేము చెప్పి పంపించాం. ఆమె ఏ మాత్రలు వాడుతోందో ఆ రెండుసార్లూ మేము అడగలేదు. ఆ తప్పు మాదే.

చివరికి ఆమెకే అనుమానం వచ్చింది. "ఈ గోలీలు మొదలుపెట్టినంకనే దగ్గు వచ్చింది" అనుకుని అన్ని మాత్రలూ ఒకేసారి బంద్ చేసింది. రెండు మూడు వారాల్లో దగ్గు తగ్గింది. ఆమె సంతోషించింది. ఆ తరువాతి వారం అర్ధరాత్రి పడుకోలేక, కూర్చుని ఎగశ్వాస తీస్తూ, పెదవులు నల్లబడి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దేవుని దయవల్ల బతికింది.

ఆమె అనుమానం నిజమే. దగ్గు ఆ మాత్ర వల్లే వచ్చింది. కాని ఆ మాట మాకు చెప్పకుండా మందులన్నీ మానేయడం వల్ల ప్రాణం మీదికి వచ్చింది. డాక్టరుగారు ఎనలాప్రిల్ తీసేసి వేరే మాత్ర రాశారు. దగ్గు మళ్లీ రాలేదు, గుండెకు రక్షణా పోలేదు. ఈ పని మూడు నెలల ముందే జరిగి ఉండవలసింది.

ఏమిటీ మాత్ర? ఎందుకు దగ్గు?

మీ మాత్రల అట్టమీద పేరు చదవండి, చదవడం రాకపోతే పిల్లలతో చదివించండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అని చివర "ప్రిల్" వస్తే అది ఈ జాతి మందే. ఎన్‌వాస్, కార్డేస్ వంటి కంపెనీ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది.

ఈ మందు పుట్టుకకు ఒక పాము కారణం. బ్రెజిల్ దేశంలో జరరాక అనే పాము ఉంది. మన రక్తపింజరి కుటుంబానికి చెందినదే. అది కరిచినవారికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయేది. 1965లో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలోని ఒక పదార్థం మన శరీరంలో ఉండే బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచుతుందని చూపించాడు. ఆ దారిలో వెళ్లి తయారుచేసిన మొదటి మాత్ర కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. మీరు వేసుకునే మాత్రలో పాము విషమేమీ లేదు, భయపడకండి. అది పూర్తిగా ప్రయోగశాలలో తయారైన మందు.

ఈ మాత్ర శరీరంలోని ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దానివల్ల రక్తనాళాలు బిగుసుకోవు, ఉప్పూ నీరూ ఒంట్లో నిలవవు, గుండెకు బరువు తగ్గుతుంది. కాని బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టేది కూడా ఆ ఎంజైమే. అది ఆగిపోతే బ్రాడీకైనిన్ గాలిగొట్టాల్లో పేరుకుని గిలిగింతలు పెడుతుంది. అదే పొడి దగ్గు. సిరప్ ఎన్ని సీసాలు తాగినా ఇది పోదు. పైగా ముక్కు దిబ్బడ తగ్గించే మందు కలిసిన సిరప్‌లు బీపీని పెంచుతాయి కూడా.

ఈ మాత్రలు వాడే 100 మందిలో సుమారు 5 నుంచి 20 మందికి ఈ దగ్గు వస్తుంది. మగవారికంటే ఆడవారికి ఎక్కువ. మొదలుపెట్టిన రోజుల్లోనే రావచ్చు, నెలల తరువాత కూడా రావచ్చు. మాత్ర మార్చాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది. కొందరికి 3 నెలల దాకా పడుతుంది.

ఇంత ఇబ్బంది ఉంటే అసలెందుకు ఇవ్వాలి అని మీరడగవచ్చు. 1987లో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో గుండె బాగా బలహీనపడిన 253 మందిపై జరిపిన పరీక్ష ఫలితం వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 6 నెలల్లో 100కు 44 మంది చనిపోయారు. దానితోపాటు ఎనలాప్రిల్ కూడా తీసుకున్నవారిలో 26 మంది. దగ్గు వచ్చిందని విసిరేయదగిన మందు కాదిది.

ప్రతి దగ్గూ మాత్ర దగ్గు కాదు

ఇది చదివి ఎవరూ తొందరపడి మాత్ర మీద నింద వేయకండి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన భూపాలపల్లి పెద్దాయన ఒకరు "బీపీ గోలీతోని దగ్గు వస్తదట" అని ఎవరో చెబితే విని సొంతంగా మానేశాడు. రెండు నెలలు గడిచినా దగ్గు పోలేదు, ఒళ్లు చిక్కింది. పరీక్ష చేస్తే టీబీ. ఆయన వేసుకునేది అసలు ప్రిల్ జాతి మాత్రే కాదు, ఆమ్లోడిపిన్. దానివల్ల కాళ్ల వాపు రావచ్చు గాని ఈ దగ్గు రాదు.

తేడా ఇలా గమనించండి:

మాత్ర దగ్గు: పొడి దగ్గు. గొంతులో గీర. జ్వరం, కళ్లె, ఆయాసం ఉండవు.

టీబీ దగ్గు: రెండు వారాలు దాటినా తగ్గదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

గుండె దగ్గు: పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. దమ్ము వస్తుంది, కాళ్లు వాస్తాయి, రెండు మూడు రోజుల్లోనే 2 కిలోల బరువు పెరగవచ్చు. దీనికి ఆలస్యం పనికిరాదు, అదే రోజు రావాలి.

ఏ దగ్గైనా రెండు వారాలు దాటితే పరీక్ష చేయించుకోవాలి. తీర్పు చెప్పవలసింది డాక్టరు, పక్కింటివారు కాదు.

మిగతా ఇబ్బందులు

కళ్లు తిరగడం: జనగామ వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరుగారు ఆరాధనలో పాటకు లేచి నిలబడగానే తూలి బెంచీ మీద పడ్డారు. కొత్తగా మాత్ర మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు, నీరు తీసే మాత్ర కూడా ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. పడక మీంచి లేచేటప్పుడు ముందు కూర్చోండి, కొంచెం ఆగి నిలబడండి. గుడిలో కళ్లు తిరిగితే కూర్చునే పాడండి, ఎవరూ తప్పుపట్టరు.

వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ: ఒంట్లో నీరు తగ్గిన రోజు ఈ మాత్ర మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మే నెల ఎండల్లో ఇది మేము తరచూ చూస్తాం. ఆ రోజే మమ్మల్ని అడగండి. ఒకటి రెండు రోజులు మాత్ర ఆపాలో వద్దో డాక్టరుగారు చెబుతారు. శ్రమల దినాల్లో ఉపవాసం ఉండదలచినవారు ముందుగానే వచ్చి మాట్లాడండి. మంచినీళ్లు కూడా తాగకుండా ఉండే ఉపవాసం గుండె రోగులకు తగదు.

నొప్పి మాత్రలు: నాట్లు వేసి, పత్తి ఏరి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కొని వేసుకోకండి. ప్రిల్ మాత్ర, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ కలిస్తే మూత్రపిండాలు చెడిపోయే ప్రమాదం ఉంది.

పొటాషియం: ఈ మాత్ర రక్తంలో పొటాషియాన్ని పెంచుతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. బీపీకి మంచిదని అందరూ చెప్పినా, ఈ మాత్ర వాడేవారు మమ్మల్ని అడగకుండా ఆ ఉప్పు తినకూడదు. కొబ్బరినీళ్లు రోజూ తాగే అలవాటు ఉన్నవారూ చెప్పాలి. పొటాషియం పెరిగితే ముందుగా ఏ గుర్తూ కనిపించకపోవచ్చు, కాని గుండె లయ తప్పుతుంది. అందుకే మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు రాస్తాం. డబ్బు కోసం రాస్తున్నారని అనుకోవద్దు.

గర్భం: ఈ మందు కడుపులోని బిడ్డ మూత్రపిండాలకు హాని చేస్తుంది. బీపీ ఉన్న చిన్న వయసు కోడళ్లు, కూతుళ్లు నెల తప్పితే ఆ వెంటనే వచ్చి చెప్పాలి. బిడ్డకు హాని చేయని వేరే బీపీ మందులు ఉన్నాయి.

ముఖం వాపు: చాలా అరుదు, కాని ప్రాణాపాయం. పెదవులు, నాలుక, ముఖం ఉబ్బినా, గొంతు బొంగురుపోయినా, గుటక పడకపోయినా 108కి ఫోన్ చేయండి. మాత్ర మొదలుపెట్టి ఏళ్లు గడిచాక కూడా ఇది రావచ్చు. ఒకసారి వచ్చినవారు జీవితంలో మళ్లీ ఏ ప్రిల్ మాత్రా వాడకూడదు.

మార్పు ఉంది, మానడం వద్దు

దగ్గు వచ్చినవారికి సాధారణంగా టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి "సార్టాన్" మాత్రలు ఇస్తారు. ఇవి బ్రాడీకైనిన్ జోలికి పోవు కాబట్టి ఆ దగ్గు దాదాపు రాదు. అయితే పొటాషియం, నొప్పి మాత్రలు, గర్భం గురించి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వీటికీ వర్తిస్తాయి.

గుండె బలహీనతకు సకుబిట్రిల్-వల్సార్టాన్ అనే మందు కూడా ఇప్పుడు రాస్తున్నారు. మన దేశంలో 2023 జనవరిలో దాని పేటెంట్ ముగిశాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర దిగింది. ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. ప్రిల్ మాత్ర, ఈ మాత్ర కలిపి వేసుకుంటే ముఖం వాపు ప్రమాదం పెరుగుతుంది. రెండింటి మధ్య కనీసం 36 గంటలు ఉండాలి. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో కొత్త చీటీ రాయించుకుని, ఇంట్లో మిగిలిన పాత మాత్రలు పారేయడం ఎందుకని రెండూ వేసుకునేవారిని మేము చూశాం. కొత్త చీటీ వచ్చిన రోజే పాత మాత్రల సంగతి అడగండి.

ఇంట్లో ఇవి పాటించండి

1. ఆసుపత్రికి వచ్చినప్పుడు చీటీతోపాటు మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని రండి. ఆర్‌ఎంపీ ఇచ్చినవి, ఊరి ఎన్‌సీడీ క్లినిక్‌లో ఇచ్చినవి, మెడికల్ షాపులో కొన్నవి అన్నీ తేవాలి.
2. ఏ మాత్ర ఏ తేదీన మొదలుపెట్టారో అట్ట మీద రాసిపెట్టుకోండి. దగ్గు దాని తరువాత వచ్చిందా, ముందే ఉందా అన్నది దానితోనే తేలుతుంది.
3. గుండె రోగులు రోజూ పొద్దున ఒకే సమయానికి బరువు చూసుకోండి.
4. ఇబ్బంది కలిగితే దాచకండి. "డాక్టరు కోప్పడతారేమో" అని భయపడకండి. మీరు చెప్పకపోతే మాకు తెలియదు.

ఆ తల్లి సంగతి జరిగాక మా ఓపీలో ఒక అలవాటు పెట్టుకున్నాం. దగ్గు అని ఎవరు వచ్చినా మా సిస్టర్లు మొదట అడిగే ప్రశ్న "ఏ మాత్రలు వేసుకుంటున్నారు?" ఎప్పుడైనా మేము అడగడం మరిచిపోతే, మీరే సంచి విప్పి మా ముందు పెట్టండి. దయచేసి మాత్ర మానకముందే రండి.