సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ – విరమణ ముంగిట సవరణ ఎందుకు కుదరదు?

ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు రిజిస్టరు మొదటి పుటలో నమోదయ్యే వివరాలలో పుట్టిన తేదీ అత్యంత కీలకమైనది. ఉద్యోగ ప్రవేశ అర్హత, పదవీ విరమణ దినం, పెన్షను ప్రారంభం ఈ ఒక్క నమోదుపైనే ఆధారపడి ఉంటాయి. అయినప్పటికీ మూడు దశాబ్దాల సర్వీసు ముగిసి, విరమణకు కొద్ది నెలలు మిగిలిన తరుణంలో ఆ తేదీ తప్పని, దానిని సవరించాలని కోరుతూ దరఖాస్తులు దాఖలు కావడం పరిపాటి అయినది. ఇట్టి దరఖాస్తులను ప్రభుత్వాలు సాధారణంగా తిరస్కరిస్తాయి. సుప్రీంకోర్టు సైతం ఈ వైఖరిని పలుమార్లు సమర్థించింది. దీని వెనుక గల కారణాలను, ఉద్యోగికి నిజంగా అందుబాటులో ఉన్న మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తప్పులు ఎక్కడ మొదలవుతాయి?

జననాల నమోదును దేశమంతటా ఒకే విధానం కిందకు తెచ్చిన చట్టం 1969లో వచ్చింది. అంతకు పూర్వం, ఆ తరువాత చాలా కాలం వరకు కూడా, పల్లెల్లో జనన ధ్రువపత్రం పొందిన కుటుంబాలు తక్కువ. అక్షరజ్ఞానం లేని తల్లిదండ్రులు బిడ్డను బడిలో చేర్పించేటప్పుడు ఏ వరదనో, కరువునో, పండుగనో గుర్తుచేసి వయస్సు చెప్పగా, ఉపాధ్యాయులు ఒక తేదీని అంచనా కట్టి రాయడం జరిగేది. ఆ తేదీయే ఎస్.ఎస్.సి. ధ్రువపత్రానికి, అక్కడి నుండి సర్వీసు రిజిస్టరుకు చేరింది. కనుక సవరణ కోరే ప్రతి ఉద్యోగి అబద్ధం ఆడుతున్నాడని భావించరాదు. నిజమైన తేదీకి, నమోదైన తేదీకి మధ్య వ్యత్యాసం ఉన్నవారు వాస్తవంగా ఉన్నారు. అయితే ఆ సంగతిని ఎప్పుడు తెలియజేశారన్నదే ఇక్కడ ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వ నిబంధన

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్ 56 కింద 1979లో చేర్చిన వివరణ ప్రకారం పుట్టిన తేదీ సవరణకు మూడు షరతులు కలవు. మొదటిది, సర్వీసులో చేరిన 5 సంవత్సరాలలోగా దరఖాస్తు చేయాలి. రెండవది, నిజమైన, సదుద్దేశంతో కూడిన పొరపాటు జరిగినట్లు స్పష్టంగా రుజువు కావాలి. మూడవది, కొత్తగా కోరిన తేదీ ప్రకారం ఆ ఉద్యోగి గతంలో రాసిన పరీక్షకు గాని, ఉద్యోగ ప్రవేశానికి గాని అనర్హుడు కాకూడదు.

మూడవ షరతును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. కనీస వయస్సు 18 ఏళ్లుగా గల ఉద్యోగంలో ఒక వ్యక్తి 18 ఏళ్ల 4 నెలల వయస్సు చూపి చేరినాడనుకుందాం. విరమణ సమీపించినప్పుడు తాను రెండేళ్లు చిన్నవాడినని అతడు వాదిస్తే, చేరిన నాటికి అతని వయస్సు 16 ఏళ్ల 4 నెలలే అవుతుంది. అప్పుడు అతని నియామకమే చెల్లదు. ఒకే వ్యక్తి ప్రవేశానికి ఒక వయస్సు, విరమణకు మరొక వయస్సు వాడుకొనడానికి నియమాలు అంగీకరించవు.

రాష్ట్ర నియమాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ పుట్టిన తేదీ నమోదు, మార్పు నియమాలను జారీ చేసింది. వీటి ప్రకారం ఉద్యోగి చేరిన వెంటనే తన పుట్టిన తేదీని ప్రకటించాలి. కార్యాలయాధిపతి ఆధారాలను పరిశీలించి తేదీని నిర్ణయించి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేసి ధ్రువీకరించాలి. అట్లు నమోదైన తేదీ అంతిమం. తరువాత దానిని వివాదాస్పదం చేసే హక్కు ఉద్యోగికి ఉండదు. సదుద్దేశంతో జరిగిన రాతపొరపాటుకు మాత్రమే మినహాయింపు కలదు. అఖిల భారత సర్వీసుల అధికారులకు వర్తించే 1958 నాటి నియమాలలో సైతం రాతపొరపాటుకే సవరణ పరిమితమైనది.

ఈ నియమాల ఆధారంగా తలెత్తిన హయగ్రీవ శర్మ కేసులో సుప్రీంకోర్టు 1990లో ప్రభుత్వ వాదనను సమర్థించింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం ఉమ్మడి రాష్ట్ర సర్వీసు నియమాలు రెండు రాష్ట్రాలకూ సంక్రమించాయి. విరమణ వయస్సు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 ఏళ్లకు, 2022లో 62 ఏళ్లకు, తెలంగాణలో 2021లో 61 ఏళ్లకు పెరిగినా, పుట్టిన తేదీ అంతిమమన్న సూత్రం సడలలేదు.

న్యాయస్థానాల దృష్టి

1956లో సర్వీసులో చేరిన ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 1991లో సవరణ కోరగా, సుమారు 35 ఏళ్ల మౌనమే అభ్యర్థనను తిరస్కరించడానికి చాలునని హర్నామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1993లో తీర్పునిచ్చింది. 1979కి ముందే సర్వీసులో ఉన్నవారు సైతం నిబంధన వచ్చిన నాటి నుండి 5 ఏళ్లలోగా దరఖాస్తు చేసి ఉండవలసిందని పేర్కొన్నది.

అదే ఏడాది తమిళనాడుకు చెందిన కిరుబాకరన్ కేసులో న్యాయస్థానం మరొక ముఖ్య విషయాన్ని గుర్తుచేసింది. ఒక అధికారి తేదీ మారితే, ఆ పదోన్నతి కోసం ఏళ్ల తరబడి నిరీక్షిస్తున్న కింది ఉద్యోగులందరిపై గొలుసుకట్టుగా ప్రభావం పడుతుంది. ఆ నిరీక్షణలోనే కొందరు పదోన్నతి పొందకుండా విరమణ చెందవచ్చు. వారు ఆ కేసులో కక్షిదారులు కారు. వారి గోడు వినేవారు ఉండరు. అందువల్ల తిరుగులేని ఆధారం లేనిదే, ఉద్యోగిని కొనసాగించాలని మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వరాదని సుప్రీంకోర్టు హెచ్చరించింది. కర్ణాటకకు చెందిన నటరాజ కేసులో 2021లో ఇంకొక అడుగు ముందుకు వేసి, బలమైన ఆధారం ఉన్నప్పటికీ సవరణను హక్కుగా కోరజాలరని, జాప్యం ఒక్కటే తిరస్కరణకు కారణం కాగలదని స్పష్టం చేసింది.

రాతపొరపాటు అంటే ఏమి?

అధికారులు మొదట తేల్చవలసిన అంశమిది. ఎస్.ఎస్.సి. ధ్రువపత్రంలో మార్చి నెల ఉండగా సర్వీసు రిజిస్టరులో ఆగస్టు అని నమోదైతే, లేదా అంకెలలో ఒక సంవత్సరం, అక్షరాలలో మరొకటి ఉంటే అది రాతపొరపాటు. మూలపత్రాన్ని, నమోదును పక్కపక్కన పెడితేనే అది కనబడుతుంది. అట్లుగాక ఎస్.ఎస్.సి. ధ్రువపత్రంలోని తేదీయే తప్పని చెబుతూ, దశాబ్దాల తరువాత తెచ్చిన జనన ధ్రువపత్రాన్నో, జాతకాన్నో, వైద్యుని అంచనానో చూపడం రాతపొరపాటు కిందకు రాదు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని దానిని జారీ చేసే ప్రాధికార సంస్థే 2023లో తెలిపింది.

కార్యాలయాల బాధ్యత

నియమం కఠినమైనది. నిరక్షరాస్య కుటుంబాల నుండి వచ్చిన నాలుగవ తరగతి ఉద్యోగులకు అది మరింత భారం. తన రిజిస్టరులో ఏమి రాశారో చదువుకోలేని ఉద్యోగికి గడువు గడిచిందని చెప్పడం సులభమే గాని, గడువులోగా అతనికి ఆ నమోదును చదివి వినిపించడం కార్యాలయం బాధ్యత. చేరిన నాడే మూలపత్రంతో సరిచూచి, తేదీని అంకెలలోను, అక్షరాలలోను రాసి, ఉద్యోగి సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోవాలి. సర్వీసు వివరాలను కాలానుగుణంగా ఉద్యోగికి చూపి ధ్రువీకరణ పొందాలి. గడువులోగా అందిన దరఖాస్తును పెండింగులో ఉంచక, కారణాలు తెలుపుతూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. దరఖాస్తు సకాలంలో ఇచ్చినా కార్యాలయం స్పందించని కేసులకు, ఉద్యోగి స్వయంగా మౌనం వహించిన కేసులకు గల భేదాన్ని ఇట్టి వార్తలు రాసే పాత్రికేయులు కూడా గమనించడం అవసరం.

2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ చట్టం మేరకు, ఆ తేదీన గాని, ఆ తరువాత గాని జన్మించినవారికి ప్రభుత్వ ఉద్యోగ నియామకంతో సహా పలు అవసరాలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఆ తరం సర్వీసులోకి వచ్చేనాటికి ఇట్టి వివాదాలు తగ్గగలవు. అంతవరకు బడి రిజిస్టరే అత్యధికులకు ఆధారం. కాబట్టి సర్వీసు రిజిస్టరు మొదటి పుటను ఉద్యోగి పరిశీలించుకోవలసినది విరమణ నోటీసు అందిన నాడు కాదు, ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే.