రూపాయి బిళ్లతో పడవ పరీక్ష
(పాత ఫైబర్ పడవల్లో బలహీనతలు కనిపెట్టడం, బాగుచేయడం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే ముందు కవిత రాద్దామనుకున్నాం. కవితలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందుకని మాకు అనుభవంలోకి వచ్చిన ఒక పని గురించి రాస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం. "ఆ సదువు దేనికి పనికొస్తదిరా?" అని మా చిన్నాయిన ఎన్నోసార్లు అడిగాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో దానికి జవాబు ఒక పాత పడవ రూపంలో దొరికింది.

సిద్దిపేటలో పడవ ముచ్చట ఏమిటని మీరు అడగవచ్చు. మన చిన్నతనంలో ఇది కరువు ప్రాంతం. 2020లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్, మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్, 2022లో తొగుట దిక్కు మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. మల్లన్న సాగర్ ఒక్కటే 50 టీఎంసీల జలాశయం. కోమటిచెరువు మీద బోటు షికారు మీరందరూ చూసిందే. నీళ్లొచ్చాక చేపలు వచ్చాయి, చేపల వెంట పడవలు వచ్చాయి. థర్మోకోల్ తెప్పల మీద వల వేసిన మా చిన్నాయిన మరో ముగ్గురితో కలిసి కోస్తా నుంచి ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. లారీ మీంచి దించినప్పుడు నీలం రంగుతో కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. నెల తిరగకుండానే అడుగున నీళ్లు ఊరడం మొదలైంది.

"ఇంకో చెయ్యి పెయింట్ ఏస్తే అయిపాయె" అన్నారు అందరూ. అక్కడే మేము అడ్డుపడ్డాం.

ఫైబర్ అంటే ఏమిటి?

మట్టి గోడ పెట్టేటప్పుడు మన పెద్దలు మట్టిలో గడ్డి కలిపేవారు. మట్టి ఒత్తిడిని ఆపుతుంది, గడ్డి పగలకుండా పట్టి ఉంచుతుంది. ఫైబర్ పడవ కూడా అంతే. సన్నని గాజు దారాల పరుపును ‘మ్యాట్’ అంటారు. దాన్ని పాలిస్టర్ రెజిన్ అనే జిగురు ద్రవంలో తడిపి, పొర మీద పొర అచ్చులో పరుస్తారు. హార్డెనర్ కలిపిన రెజిన్ కొద్దిసేపట్లో గట్టిపడుతుంది. అన్నిటికంటే బయట నునుపుగా ఉండే రంగు పొర ‘జెల్ కోట్’. అది చర్మం లాంటిది. బలమంతా లోపలి గాజు పొరలదే.

ఈ రకం పడవలు 1940వ దశకంలో అమెరికాలో మొదలయ్యాయి. మన వైపు చూస్తే, 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం 1980వ దశకంలో ఆంధ్ర తీరానికి ఫైబర్ పడవలను పరిచయం చేసింది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత చెక్క తెప్పల స్థానంలో ఇవి మరింత ఎక్కువయ్యాయి. ఫైబర్ కుళ్లదు, తుప్పు పట్టదు. దాంతో దానికి చావే లేదని చాలామంది అనుకుంటారు. అలసట మాత్రం దానికీ ఉంది. ఆ అలసటను రంగు దాచిపెడుతుంది.

జబ్బు ఎలా కనిపెట్టాలి?

మొదటిది, కంటి పరీక్ష. పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, కడిగి, పొద్దుటి ఏటవాలు ఎండలో చూడాలి. సాలెగూడులా ఒక చుక్క నుంచి నలుదిక్కులా పగుళ్లు పోతే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం. పక్కపక్కనే గీతలు గీసినట్టు ఉంటే ఆ భాగం మాటిమాటికీ వంగుతోందని అర్థం. మొదటిది పాత గాయం, రెండోది ఇంకా నడుస్తున్న రోగం.

రెండోది, చప్పుడు పరీక్ష. అంగట్లో కుండ కొనేటప్పుడు మా అవ్వ వేలితో కొట్టి చూసేది. అలాగే రూపాయి బిళ్లతో జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోవాలి. పొరలు అతుక్కుని ఉంటే టక్కుమని గట్టిగా మోగుతుంది. పొరలు విడిపోతే బొద్దుగా, చచ్చుగా వినిపిస్తుంది. అలాంటి చోటల్లా సుద్దతో గుండ్రంగా గీయాలి. మా పడవ అడుగున మధ్య గట్టు పొడవునా ఇలా రెండు చోట్ల గీశాం. ఇసుక ఒడ్డుకు లాగీ లాగీ అక్కడ అరిగిపోయింది.

మూడోది, ఇంజన్ తగిలించే వెనుక పలక. పాత పడవల్లో చాలావాటికి ఇక్కడ రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి ఆ చెక్క కుళ్లుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఇంజన్‌ను చేత్తో కిందికీ మీదికీ ఊపితే పలక కదులుతుంది. బోల్టు తీస్తే గోధుమ రంగు నీరు కారుతుంది. మేము బోల్టు తీసిన చోట తడిసిన టీ పొడి లాంటి ముద్ద వచ్చింది. చిన్నాయిన మొహం చూడలేకపోయాం. నీళ్ల నడుమ ఆ పలక ఊడితే ఇంజన్ ఒక్కటే పోదు, పడవ వెనుక గోడే తెరుచుకుంటుంది.

నాలుగోది, అడుగు దూలాలు. పడవ లోపల అడుగును పట్టి ఉంచే దూలాలు అతుకుల దగ్గర విడిపోయాయా అని చూడాలి. మోకాలితో నొక్కితే అడుగు లోపలికి పోతే ప్రమాదమే. పడవ మునుపటి కంటే బరువుగా తోస్తే తేలడానికి పెట్టిన నురుగు నీళ్లు పీల్చుకుందేమో చూడాలి.

ఐదోది, బొబ్బలు. ఇక్కడ మనం బడిలో చదివిన సైన్సు పనికొస్తుంది. ఎండు ద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది కదా, అదే ద్రవాభిసరణం. రెజిన్‌లో చర్య జరపకుండా మిగిలిన, నీటిలో కరిగే పదార్థాల వైపు నీరు పొర దాటి మెల్లగా పోతుంది. లోపల పులిసిన ద్రవం చేరి బొబ్బ లేస్తుంది. పొడిస్తే పుల్లని ఘాటు వాసన వస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు ఉంది కాబట్టి అక్కడ ఈ లాగుడు తక్కువ. చెరువు మంచినీటిలో ఎక్కువ. అందుకే సముద్రం మీద ఏళ్ల తరబడి బాగున్న పడవకు మన రిజర్వాయర్‌లో బొబ్బలు రావచ్చు. ఈ మాట చెప్పినప్పుడు చిన్నాయిన మొదటిసారి మా చదువు గురించి వెక్కిరించకుండా విన్నాడు.

మందు ఏమిటి?

లప్పం పెట్టి రంగు వేయడం మందు కాదు. లప్పంలో పొడవాటి గాజు దారం లేదు. గాజు లేని చోట బలం లేదు.

మొట్టమొదటి పని ఆరబెట్టడం. తడి మీద రెజిన్ పట్టదు. మన మే నెల ఎండ దీనికి వరం. బొబ్బలైతే చిదిమి, మంచినీళ్లతో పలుమార్లు కడిగి, వారాల తరబడి ఆరనివ్వాలి. తర్వాత ఎపాక్సీతో మూయాలి.

పొరలు విడిపోయిన చోట చచ్చుభాగమంతా గ్రైండర్‌తో తీసేయాలి. అంచును నిటారుగా కోయకుండా ఏటవాలుగా చెక్కాలి. మందానికి పన్నెండింతల వెడల్పు లెక్క. గోడ 5 మిల్లీమీటర్లు ఉంటే చుట్టూ 6 సెంటీమీటర్లు చెక్కాలి. పాత పొర, కొత్త పొర ఎంత ఎక్కువ మేర కలిస్తే అతుకు అంత గట్టి. తర్వాత దుమ్ము దులిపి, ఎసిటోన్‌తో తుడిచి, రెజిన్‌లో తడిపిన మ్యాట్ పొరలు పరచాలి. కిలో మ్యాట్‌కు రెండు నుంచి రెండున్నర కిలోల రెజిన్ పడుతుంది. రోలర్‌తో గాలి బుడగలు పూర్తిగా పోగొట్టాలి. ఒకేసారి మూడు నాలుగు పొరలు మించవద్దు, వేడెక్కి పగులుతుంది.

హార్డెనర్ 100 గ్రాముల రెజిన్‌కు 1 నుంచి 2 గ్రాములు. ఎండకాలం 1, చలికాలం 2 అని గుర్తుపెట్టుకోండి. ఒక హెచ్చరిక మరువకండి. రెజిన్‌తోపాటు కోబాల్ట్ విడిగా ఇస్తే దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డెనర్. ఈ రెండూ నేరుగా కలిస్తే మంట, పేలుడు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. అద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు సరైన మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పని ఆరుబయట చేయాలి, దగ్గర్లో బీడీ కూడా ముట్టించవద్దు.

వెనుక పలకకు లోపలి ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా గీకి తీశాం. మెరైన్ ప్లైవుడ్‌ను అంచులతో సహా రెజిన్‌తో తడిపి అమర్చి, మీద మ్యాట్ పొరలు వేసి, వాటిని పక్క గోడల మీదికి తిప్పి అతికించాం. బోల్టు రంధ్రాలను ముందు పెద్దగా తొలిచి, రెజిన్ ముద్దతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో సరైన రంధ్రం చేశాం. ఇప్పుడు రంధ్రంలోకి నీరు దిగినా చెక్కకు తగలదు. ఈ పనంతా మాకు సొంతంగా రాదు. ఫైబర్ డోర్లు, ట్యాంకులు బాగుచేసే ఒక మేస్త్రీని బతిమాలి పిలిచాం. లెక్క మాది, చెయ్యి ఆయనది.

చివరికి ఏమైంది?

చేపల సీజన్‌లో నెలకు పైగా పడవ ఒడ్డునే ఉంది. భాగస్వాముల్లో ఒకాయన విసిగి తన వాటా తీసుకుని వెళ్లిపోయాడు. చిన్నాయిన మాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పని అయ్యాక మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసి ఒడ్డు దగ్గరే పరీక్షించాం. నీళ్లు ఊరలేదు. అయినా అడుగు గట్టు మునుపటంత బలంగా ఉందని మేము చెప్పలేకపోయాం. అదే మాట చిన్నాయినతో అన్నాం. చిన్న ఇంజన్ పెట్టాలని, నలుగురికి మించి ఎక్కరాదని, అందరికీ లైఫ్ జాకెట్ ఉండాలని ఖాయం చేసుకున్నాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు మన తెలంగాణ ఇళ్లల్లోనూ ఏడుపులు వినిపించాయి. ఆ ప్రమాదం సంగతి వేరు, మా పడవ సంగతి వేరు. కానీ నీళ్లకు మాత్రం మనిషి ప్రాణం అంటే లెక్కలేదు.

ఇప్పుడు ప్రతి నెల మొదటి రోజు మా చిన్నాయిన రూపాయి బిళ్ల పట్టుకుని పడవ చుట్టూ తిరుగుతాడు. ఏదైనా చోట చప్పుడు తేడాగా వస్తే మాకు ఫోన్ చేసి, ఫోను పడవకు ఆనించి, "ఇను బిడ్డా, ఇదెట్ల మోగుతుందో చెప్పు" అంటాడు.

తమ్ముళ్లారా, పుస్తకంలో చదివిన ద్రవాభిసరణం ఐదు మార్కుల ప్రశ్నగానే మిగిలిపోనివ్వకండి. మీ ఇంట్లో, మీ ఊళ్లో దానితో పని పడే వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. రంగు చూసి మురిసిపోకండి. కొట్టి చూడండి, చప్పుడు వినండి.