లారీ డ్రైవర్ అన్నలకు: జీతం, విశ్రాంతి, బీమా – ఏ కాగితం మీ చేతిలో ఉండాలి?

అంకాపూర్, ఆర్మూర్ చుట్టుపక్కల లారీ, డీసీఎం నడిపే డ్రైవర్లు, క్లీనర్లు, వాళ్ల ఇంటివాళ్ల కోసం

జనవరి నుంచి మే దాకా పసుపు సీజన్. నిజామాబాద్ యార్డు నుంచి సాంగ్లి వైపు, 44వ నంబరు హైవే మీద నాగ్‌పూర్ వైపు లోడ్లు ఆగవు. అంకాపూర్ సీడ్ ప్లాంట్ల నుంచి విత్తనాల బస్తాలు కూడా ఇదే దారిన పోతాయి. ఈ రోజుల్లో డ్రైవర్‌కు డిమాండ్ ఉంటుంది. పక్క ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ట్రిప్పుకు ఐదొందలు ఎక్కువ ఇస్తామంటే చాలామంది బండి మారిపోతారు. మారడం తప్పేం కాదు. కానీ మారేటప్పుడు చేతిలో ఏ కాగితమూ లేకుంటే నష్టపోయేది మీరు, మీ ఇల్లు. ఎట్లనో కింద చూడండి.

1. డ్రైవర్లు ఎందుకు నిలవరు?

ఇది మన దగ్గరి సంగతే కాదు. అమెరికాలో పెద్ద ట్రక్కు కంపెనీల్లో డ్రైవర్లు మానేసే రేటు ఏడాదికి 90 శాతం దాటిన సంవత్సరాలు ఉన్నాయి. అక్కడ చాలా కంపెనీలు మైలు లెక్కన డబ్బు ఇస్తాయి. మన దగ్గర ట్రిప్పు లెక్కన ఇస్తారు. రెండు చోట్లా బండి కదిలితేనే పైసలు. అన్‌లోడింగ్ కోసం మార్కెట్ గేటు బయట రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులకు లెక్క ఉండదు. పోయిన టైమును రాబట్టాలని రాత్రంతా నడుపుతారు. నిద్ర లేక ప్రమాదం, ఇంటికి పోలేక విసుగు, చివరికి మానేయడం. జీతం, భద్రత, బండి మారడం ఈ మూడూ ఒకే ముడి.

2. చట్టం ఏం చెప్తుంది?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్‌కు రోజుకు 8 గంటల పని, ఒక డ్యూటీకీ మరో డ్యూటీకీ నడుమ వరుసగా 9 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, ఆ పాత చట్టం వాటిలో కలిసింది. గుర్తుంచుకోవాల్సినవి:

• పని రోజుకు 8 గంటలు. అంతకు మించితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు.
• ఉద్యోగంలో చేరినప్పుడు నియామక పత్రం ఇవ్వాలి.
• మీరు మానేసినా, వాళ్లు తీసేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. "లెక్క వచ్చే నెల చూద్దాం" అంటే కుదరదు.
• సరుకు తగ్గిందని జీతంలో కోత పెట్టాలంటే, తప్పు నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. మీ మాట చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలి. కాబట్టి లోడింగ్ దగ్గర, దింపే దగ్గర కాంటా చిట్టీ ఫోటో తీసి పెట్టుకోండి.
• ఓవర్‌లోడ్‌కు జరిమానా రూ.20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2,000. నడిపినవాళ్లే కాదు, నడిపించినవాళ్లూ బాధ్యులే. "నేను చూసుకుంటా" అని సేటు నోటిమాటగా అంటే దాన్ని నమ్మి బయల్దేరకండి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. కొత్త బండి ఇస్తున్నప్పుడు ఇది అడగండి.

3. జీతం తక్కువ రాస్తే ఇంటికి ఎంత నష్టం?

డ్యూటీలో డ్రైవర్ చనిపోతే ఇంటివాళ్లకు నష్టపరిహారం వస్తుంది. లెక్క ఇట్లా: నెల జీతంలో సగం × వయసును బట్టి ఉండే అంకె. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా రూ.15,000. 40 ఏళ్ల వయసుకు అంకె 184.17.

ఉదాహరణకు, ఒక డ్రైవర్‌కు నెలకు అన్నీ కలిపి రూ.22,000 వస్తున్నాయి. కానీ రిజిస్టర్‌లో జీతం రూ.8,000, మిగతాది బత్తా అని రాశారు.

• రూ.8,000 మీద: 4,000 × 184.17 = రూ.7,36,680
• రూ.15,000 మీద: 7,500 × 184.17 = రూ.13,81,275

తేడా ఆరు లక్షల నలభై నాలుగు వేల పైనే. బత్తా ఖర్చు కింద పోయిందని, అది జీతం కాదని అవతలివాళ్లు వాదించొచ్చు. అసలు ఎంత ఇచ్చారో రుజువు ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. అందుకే డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలోనే వేయమనండి. లారీ బీమా పాలసీలో పెయిడ్ డ్రైవర్ ప్రీమియం కట్టారా అని కూడా చూడండి. సొంత లారీ నడుపుకునేవాళ్లు ఓనర్‌కు ఉండే రూ.15 లక్షల ప్రమాద బీమా తీసుకున్నారో లేదో చూసుకోవాలి.

4. మీకు వర్తించే పథకాలు

• రాష్ట్ర ప్రమాద బీమా: తెలంగాణ ప్రభుత్వం 2015లో డ్రైవర్లు, హోంగార్డులు, జర్నలిస్టుల కోసం రూ.5 లక్షల ప్రమాద బీమా తెచ్చింది. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. డ్రైవింగ్ లైసెన్స్ గడువు దాటకుండా చూసుకోండి. ఈ ఏడాది పాలసీ నడుస్తున్నదా అని నిజామాబాద్ కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.
• ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి రూ.20. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు. వయసు 18 నుంచి 70. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండాలి, లేకుంటే పాలసీ ఆగిపోతుంది.
• జీవన జ్యోతి బీమా: ఏడాదికి రూ.436. ఏ కారణంతో మరణించినా రూ.2 లక్షలు. చేరే వయసు 18 నుంచి 50.
• నగదు లేని చికిత్స: రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో 7 రోజుల దాకా, రూ.1.5 లక్షల వరకు. 2025 మేలో మొదలైన కేంద్ర పథకం ఇది.
• పీఎఫ్ ఉన్నవాళ్లు: బండి మారినా యూఏఎన్ నంబర్ ఒక్కటే. కొత్త ఓనర్‌కు అదే ఇవ్వండి. కొత్తది తీయనివ్వకండి.

5. ప్రమాదం జరిగితే ఇంటివాళ్లు చేయాల్సింది

108కి ఫోన్ చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు లేదా ఆసుపత్రి కాగితాలు, లైసెన్స్, లారీ ఆర్సీ, బీమా పాలసీ కాపీ ఒకచోట పెట్టండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్‌కు చట్టంలో 6 నెలల గడువు ఉంది. ట్రిబ్యునల్ లేదా కార్మిక పరిహారం, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఏది ఎక్కువో వకీలుతో మాట్లాడి తేల్చుకోండి. ఖాళీ కాగితం మీద, చదవని రాజీ పత్రం మీద ఎవరూ సంతకం పెట్టకండి.

6. బండి మారే ముందు ఈ ఐదు

☐ చివరి ట్రిప్పు దాకా లెక్క రాయించుకుని ఓనర్ సంతకం
☐ బ్యాంకు స్టేట్‌మెంట్ లేదా జీతం చిట్టీలు
☐ అడ్వాన్స్ తీర్చినట్టు రసీదు
☐ లైసెన్స్ ఒరిజినల్ మీ చేతికి. తాకట్టు పెట్టినట్టు ఎవరి దగ్గరా వదలకండి
☐ కొత్తచోట నియామక పత్రం, జీతం ఎంతో అందులో రాతలో

ఈ రాత్రే అన్నిటికీ ఫోన్‌లో ఫోటో తీసి ఇంటివాళ్లకు వాట్సాప్ చేయండి. ఏ పాలసీ ఏ బ్యాంకులో ఉందో, నామినీ ఎవరో మీ భార్యకో, అమ్మకో నోటితో చెప్పండి. మీరు దారిలో ఉన్నప్పుడు ఆ వివరాలు వాళ్ల దగ్గర ఉండాలి. చదివాక పక్క లారీ అన్నకు కూడా పంపండి.