ఇంటి పలకగోడలు: పనివాని ఎంపిక, కుటుంబారోగ్యము

తపతీ నదీతీరమున వెలసిన సూరతు నగరము జరీ పనికిని, వజ్రముల సానకును, కృత్రిమపు నూలు వస్త్రములకును ప్రసిద్ధి కెక్కినది. ఇచ్చటి మరమగ్గములను ఆశ్రయించి తెలంగాణా జిల్లాలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు అనేకము ఉధనా, లింబాయతు ప్రాంతములలో స్థిరపడినవి. వీరి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. ఇట్టి శ్రామిక కుటుంబములలో పెక్కింటికి ఒకటి రెండు గదులే ఆధారము. కుమారునకు వివాహమైనను, ఊరినుండి వృద్ధులు వచ్చినను గదిని రెండుగా విభజింపవలసి వచ్చును. ఇటుకగోడ కట్టినచో చోటు పోవును. మేడమీది నేలకు బరువు హెచ్చును. అందుచే నేడు పలువురు జిప్సం పలకల గోడను కోరుచున్నారు.

గోడ నిర్మించుట ఒకటి రెండు దినముల పని. కాని ఆ గోడ ప్రక్కనే కుటుంబము అనేక సంవత్సరములు శ్వాసింపవలసి యున్నది. కావున పనివానిని కుదుర్చుకొనుట ధరకు మాత్రమే సంబంధించిన విషయము కాదు, ఆరోగ్యమునకును సంబంధించినదే.

పలకగోడ స్వభావము

జింకుపూత గల ఇనుప చట్రమునకు ఇరువైపుల పలకలను మరలతో బిగించి, అతుకులపై పట్టీ అంటించి, పుట్టీ పూసి నునుపు చేయుదురు. పలక మందము సాధారణముగా 12.5 మిల్లీమీటర్లు. 1894లో అమెరికా దేశమున అగస్టీన్ సాకెట్ అను నతడు కాగితపు పొరల నడుమ గారను పొందుపరచి చేసిన పలకకు పేటెంటు పొందెను. నేటి పలకకు మూలము అదియే.

జిప్సం బరువులో సుమారు అయిదవ వంతు నీరు స్ఫటికములయందు ఇమిడి యుండును. నిప్పు తగిలినప్పుడు ఆ నీరు ఆవిరియై మంటను కొంతసేపు నిలువరించును. ఇది ఈ పలక గుణము. కాని వెలుపలినుండి వచ్చు నీటికి సాధారణపు పలక తాళజాలదు. దాని ముఖముననున్న కాగితము తడిసినచో బూజునకు ఆహారమగును. ఇది దాని దోషము.

చెమ్మకు కారణము తెలిసికొనుట

వానకాలమున గోడ అడుగున నల్లని మచ్చ కనబడును. గృహస్థుడు తక్కువ ధర చెప్పినవానిని పిలుచును. అతడు మచ్చపై పుట్టీ పూసి, రంగు వేసి, సొమ్ము పుచ్చుకొని పోవును. దీపావళి నాటికి గోడ తెల్లగానే యుండును. మరుసటి ఆషాఢమున మచ్చ తిరిగి వచ్చును. దానితోపాటు పిల్లవాని దగ్గును తిరిగి వచ్చును. లోపము పలకలో లేదు. దాని వెనుక కారుచున్న గొట్టములో నున్నది. గొట్టమును బాగుచేయక గోడను బాగుచేయుట, చిల్లి కుండకు ముగ్గు పెట్టుట వంటిది.

కావున పని తెలిసిన కంట్రాక్టరు ధర చెప్పుటకు ముందు, “ఈ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?” అని విచారించును. ఆ ప్రశ్న వేయనివానికి పని అప్పగింపరాదు.

స్థానికుడైన పనివానివలన లాభము ఇచ్చటనే కలదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడుదలైన నీటితో తపతి పొంగి సూరతు నగరమున అధికభాగమును ముంచెత్తినది. ఏ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చినదో పేటలో పనిచేయువారు ఎరుగుదురు. పల్లపు ప్రాంతములలోని క్రింది అంతస్తునకు ఈ పలక తగదని చెప్పి, లాభమును వదలుకొను పనివాడు నమ్మదగినవాడు. అంతేకాక, మొదటి వాన కురిసిన పిమ్మట అతనిని తిరిగి పిలిపించి గోడ చూపుటకు వీలగును.

శుభ్రమైన నీటితో తడిసిన పలకను 24 మొదలు 48 గంటలలోపల పూర్తిగా ఆరబెట్టవలెను. లేనిచో బూజు పట్టును. బూజువలన ఉబ్బసము గలవారికి బాధ హెచ్చును. పసివారికి దగ్గు, తుమ్ములు కలుగును. వరదనీటిలోగాని మురుగులోగాని తడిసిన పలకను ఆరబెట్టి వాడరాదు. దానిని కోసి తీసివేయవలెను. క్రొత్త పలకను నేలకు ఆనించక, ఒక సెంటీమీటరు ఎత్తున బిగించుమని చెప్పవలెను. అట్లయినచో నేల కడిగిన నీరు పలకలోనికి ప్రాకదు.

ధూళి, గాలి

పుట్టీ ఆరిన పిమ్మట ఉప్పుకాగితముతో రుద్దునప్పుడు లేచు తెల్లని ధూళి మిక్కిలి సూక్ష్మమైనది. అందు సున్నపురాయి, అభ్రకము మొదలగు వాని రేణువులు ఉండును. కొన్ని పుట్టీలలో ఊపిరితిత్తులకు హానిచేయు సిలికా సైతము ఉండును. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1990 దశాబ్దమున జరిపిన పరిశీలనలలో, కొన్ని చోట్ల ఈ పనివారు అనుమతింపబడిన పరిమితికి పదిరెట్లు ధూళిని ఎదుర్కొనుచున్నట్లు కనబడినది. తడిగుడ్డతోగాని తడి స్పంజితోగాని రుద్దినచో ధూళి చాలవరకు తగ్గును. పనివారికి ఎన్ 95 ముసుగు ఉండవలెను. ముఖమునకు చుట్టుకొనిన తువాలు చాలదు. పని జరుగునంత సేపు పిల్లలను, గర్భిణీ స్త్రీలను, వృద్ధులను వేరొకచోట ఉంచవలెను. పిదప పొడి చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడువవలెను.

పాత ఇంటిలో ఆస్బెస్టాసు సిమెంటు రేకులు ఉండవచ్చును. వానిని కోయుట, పగులగొట్టుట ప్రమాదకరము. ఆ నారపోగులు ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దములు గడచిన పిమ్మట సైతము క్యాన్సరు కలిగింపగలవు.

గదిని విభజించునప్పుడు ఒక భాగమునకు కిటికీ లేకుండ చేయరాదు. క్షయ రోగము గాలిద్వారా వ్యాపించును. గాలి కదలని ఇరుకు గదిలో దాని వ్యాప్తికి అవకాశము అధికము. కిటికీకి ఎడమైన భాగమున గోడను పైకప్పువరకు లేపక, పైన కొంత ఖాళీ విడిచినచో గాలి ప్రసరించును.

ఒడంబడిక

తెలుగువాడే గదా యని కాగితము లేకుండ పని అప్పగించుట తరచు జరుగుచున్నది. భాష కలియుట మంచిదే. కాని మాట మరపునకు వచ్చును, కాగితము నిలుచును. గోడ కొలత, చదరపు అడుగునకు ధర, పలక రకము, ధూళి నివారణము, వ్యర్థమును తొలగించు బాధ్యత, పని ముగియు తేది ఇవన్నియు వ్రాయించుకొనవలెను. ఒడంబడిక గుజరాతీలో నున్నచో, చదువనేర్చినవారిచే చదివించి, అర్థము తెలిసికొనిన పిమ్మటనే సంతకము చేయవలెను. లోగడ అతడు చేసిన రెండు పనులను, అందును ఒక వానకాలము దాటిన గోడను, స్వయముగా చూచుట మంచిది. సొమ్ము మొత్తము ముందుగా ఈయక విడతలుగా ఇచ్చి, ప్రతిసారియు రశీదు పొందవలెను.

1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలాది జనులు విడిచిపోయిన ఈ నగరము, 1995 మొదలు వీధులను శుభ్రపరచుకొని దేశమునకు ఆదర్శమైనది. వీధి శుభ్రత నగరపాలక సంస్థ చేతిలోనిది. ఇంటిలోపలి గాలి గృహస్థుని చేతిలోనిది. నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది, ధూళి ఎచ్చటికి పోవును, గాలి ఏ దారిన వచ్చును అను మూడు ప్రశ్నలకు సమాధానము లభించిన పిమ్మటనే ధర మాట్లాడుట క్షేమకరము.