మూడు నిమిషాల నవ్వులు ధారావాహికగా మారిన వైనం

కెనడాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కిందటిసారి హోసూరు వచ్చినప్పుడు ‘లెటర్‌కెన్నీ’ అనే హాస్య ధారావాహిక చూపించాడు. మొదటి పది నిమిషాలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తున్నవాణ్ణి, అయినా అది నాకు తెలిసిన ఇంగ్లీషు కాదు. ఒంటారియో రాష్ట్రంలోని పల్లెటూరి రైతుబిడ్డల యాస. “మన తెలుగు వింటే విజయవాడ వాళ్లూ ఇట్లాగే ముఖం పెడతారు కదా నాన్నా” అన్నాడు వాడు.

ఆ ధారావాహిక పుట్టుక చిత్రమైనది. జేరెడ్ కీసో అనే నటుడిది ఒంటారియోలోని లిస్టొవెల్ అనే చిన్న ఊరు. 2013లో అతడు, నేథన్ డేల్స్ అనే మరో నటుడు కలిసి పల్లె కష్టాల మీద కొన్ని నిమిషాల నిడివిగల హాస్య సంభాషణలు చిత్రించి యూట్యూబులో పెట్టారు. కథ లేదు, సెట్టింగు లేదు. ఇద్దరు నిలబడి మాట్లాడుకోవడమే. అవి జనానికి నచ్చాయి. క్రేవ్ టీవీ వారు ధారావాహికగా తీయమన్నారు. 2016 ఫిబ్రవరిలో ఆరు భాగాలతో మొదలై, 2023 డిసెంబరులో పన్నెండో విడతతో ముగిసింది.

మూడు నిమిషాలకు మాట చాలు. ఇరవై నిమిషాలు దాటితే ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడానికి ఒక కారణం కావాలి. కీసో, దర్శకుడు జేకబ్ టియర్నీ కలిసి 5,000 జనాభాగల ఒక కల్పిత ఊరు కట్టారు. అందులో రైతులు, హాకీ ఆటగాళ్లు, పనీపాటా లేని కుర్రాళ్లు, చర్చి పాదిరి, పక్కనే ఆదివాసుల గూడెం. ఒక్కో గుంపుకు ఒక్కో మాటతీరు. మొదటి భాగంలో నాయకుడికి ప్రియురాలితో తెగతెంపులవుతాయి. ఆమె కోసం మానేసిన కొట్లాటలకు మళ్లీ దిగి, ఊళ్లో మొనగాడి పేరు నిలుపుకోవాలి. ఇంతే కథ. అయితే పాత పద్ధతి ముచ్చట్లను పారేయలేదు. వాటిని భాగాల ఆరంభంలో పెట్టుకున్నారు. యాసనూ నున్నగా చేయలేదు. (బూతులు దండిగా ఉన్నాయి. పిల్లలతో కూర్చుని చూడదగ్గది కాదని ముందే చెబుతున్నాను.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా సంఘం కుర్రాళ్లు ఫోనులో ఇలాంటివే తీస్తున్నారు. గులాబీ బుట్టలతో బస్సు కోసం కాచుకున్న ఇద్దరు రైతులు మన తెలుగులో వాదులాడుకుంటారు. దాన్ని వార్షికోత్సవానికి నాటకంగా పెంచుతామన్నారు. కార్యవర్గంలో ఒక పెద్దాయన, “బయటినుంచి అతిథులు వస్తారు, అందరికీ తెలిసే భాషలో రాయించండి” అన్నారు. కోశాధికారిగా నేనూ తల ఊపాను.

తల ఊపడం నాకు పాత అలవాటు. పెళ్లయిన కొత్తలో అత్తవారింట “యాడికి పోతాండారు?” అని అడిగితే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ రోజునుంచి అక్కడ “ఎక్కడికి వెళుతున్నారు?” అనడం నేర్చుకున్నాను. మా అమ్మ ఫోను చేసినప్పుడు కూడా ఆ మాటే నోట వచ్చింది. “ఎవురు మాట్లాడేది?” అని అడిగింది ఆమె.

లెటర్‌కెన్నీ చూశాక మళ్లీ సమావేశం పెట్టించి నా మాట వెనక్కు తీసుకున్నాను. పెద్దాయన ఇంకా అలిగే ఉన్నారు. నాటకం నలభై నిమిషాలకు వచ్చింది. బస్సు స్టాండు వాదన మొదట్లోనే ఉంది. గులాబీలు ఎంతకు అమ్మాడో ఒకడు రెండోవాడికి అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధమే కథను లాక్కుపోతోంది. కండక్టరు వేషానికి మాత్రం ఇంకా మనిషి దొరకలేదు.