అత్తయ్యకు సరే... కోడలికి?

రాత్రి రెండింటికి అలారం మోగుతుంది. కోడలు లేస్తుంది. పక్షవాతంతో మంచం పట్టిన అత్తయ్యను ఇంకో పక్కకు తిప్పాలి మరి! రెండు గంటలకోసారి అలా తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం కమిలి పుండ్లు పడతాయి. గాలిపరుపు కొన్నా ఆ పని తప్పదు. తెలియక పరుపు మీదే భారం వేసేవాళ్లు చాలామందే.

పగలు ఇంకో తంతు. పొరబోకుండా కూర్చోబెట్టి తినిపించాలి, పక్కబట్టలు మార్చాలి. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా 'పెద్దావిడకెలా ఉంది' అంటారే గానీ, 'నువ్వు నిద్రపోయావా అమ్మా' అనరు. తల్లిదండ్రులను, వృద్ధులను పోషించే బాధ్యత పిల్లలదేనని 2007 నాటి చట్టం చెప్పింది. సేవ చేసి అలసినవాళ్ల మాట అందులో లేదు.

ఆ ఇంట్లో మార్పు కోడలి నడుం పట్టేశాక వచ్చింది. మనిషిని చేతులతో లాగకుండా, కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎలా జరపాలో ఫిజియోథెరపిస్టు నేర్పారు. ఆ రెండో మనిషి ఇప్పుడు కొడుకే! ఇంటికొచ్చి చూసుకునే సహాయకుల గురించి 14567కు, అంటే వృద్ధుల కోసం ఉన్న ఉచిత ఎల్డర్‌లైన్‌కు, ఫోన్ చేసి అడగొచ్చనీ తెలిసింది.

శనివారం వంతు ఆడపడుచుది. ఆ రాత్రి అలారం ఆమె ఫోన్లో మోగుతుంది.